మన కాయ దింపిన చేతులు

కోతల పండుగనాడు మా మందిరంలో ఆరాధన ముగిసిన తరువాత వేలం పాట ఉంటుంది. కోనసీమలో చాలా సంఘాలలో ఇదే ఆచారం. అరటి గెలలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, కొత్త బియ్యం మూటలు, సున్నుండల డబ్బాలు, అన్నిటికంటె ఎక్కువగా కొబ్బరి గెలలు బలిపీఠం ముందు పేరుస్తారు. సంఘ పెద్ద ఒక్కొక్కటే ఎత్తి చూపించి పాట మొదలుపెడతాడు. వంద రూపాయల గెల వెయ్యి పలికినా పాడుకున్నవారికి చింత ఉండదు. అది దేవుని పని నిమిత్తం ఇచ్చేది కదా!

2015లో అనుకుంటాను, ఒక పెద్ద గెలను పైకెత్తి మా కాపరిగారు, "ఇది ఎవరి తోటదండీ?" అని సంతోషంగా అడిగారు. ఇచ్చినవారి పేరు చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా ప్రక్కన చాపమీద కూర్చున్న పదేళ్ళ పిల్లవాడు, "మా నాన్న దింపాడు మాస్టారూ" అన్నాడు. మెల్లగా అన్నాడు. నాకు తప్ప ఎవరికీ వినబడలేదు.

ప్రియ పాఠకులారా, ఆ పిల్లవాని తండ్రిని గూర్చే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. "పేరు మాత్రం వెయ్యొద్దు మాస్టారండీ, తోటల రైతులు ఏమన్నా అనుకుంటారు" అన్నాడు. కనుక ఆ సహోదరుడు అనే వ్రాస్తాను.

మన ఇళ్ళలో కొబ్బరి లేని రోజు ఉండదు. పచ్చడికి కావాలి, కూరకు కావాలి, తలకు నూనె కావాలి. జ్వరం వచ్చిన బిడ్డకు బొండాం నీళ్ళు కావాలి. కాని ఆ కాయ తనంతట తాను చెట్టు దిగి రాదు. ఒక మనిషి 60 అడుగులు ఎక్కి కత్తితో గెల కోస్తేనే అది నేలకు వస్తుంది. మా ప్రాంతంలో వారిని దింపు కార్మికులు అంటారు. రాలిన కాయల పీచు వలిచేవారు వలుపు కార్మికులు. రెండు పనులూ కష్టమైనవే గాని, వలిచేవాడు నేలమీద ఉంటాడు.

ఒకనాటి తెల్లవారుజామున నేను ఆ సహోదరునితో తోటకు వెళ్ళాను. ఉపాధ్యాయునిగా ముప్పై ఏళ్ళు పనిచేసి, కొబ్బరి తోటల మధ్యనే బ్రతికి, ఆ పనిని ఒక్కసారి కూడా దగ్గరగా చూడలేదని ఆనాడు తెలిసి సిగ్గుపడ్డాను.

అతను మొదట చెట్టెక్కలేదు. చుట్టూ తిరిగాడు. పైకి చూశాడు. మొదట్లో ఒకచోట చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఎందుకని అడిగితే, "ఎర్రముక్కు పురుగు ఉంటే లోపల కరకరమని నములుతాదండి. ఇనపడుద్ది" అన్నాడు. నేనూ చెవి పెట్టాను. నాకేమీ వినబడలేదు. "ఈ చెట్టు మంచిదేనండి" అని నవ్వాడు.

తరువాత రెండు పాదాలకు తాడు బంధం తగిలించుకున్నాడు. నడుము వెనుక కత్తి దోపుకున్నాడు. మానుమీద అరచేయి పెట్టి పెదవులు కదిపాడు. నూట ఇరవై ఒకటవ కీర్తన అతనికి కంఠతా వచ్చు. ప్రతి చెట్టుకూ ఒకసారి చెప్పుకుంటాడు. రోజుకు ముప్పై, నలభై చెట్లు. మన సంఘంలో అన్నిసార్లు ఆ కీర్తన చదివేవారు ఇంకెవరూ ఉండరని నా నమ్మకం.

చేతులతో మానును కౌగిలించుకొని, బంధం బిగించిన పాదాలను పైకి లాగి, మళ్ళీ చేతులు పైకి జరిపి, కప్ప దూకినట్టు ఎక్కిపోయాడు. ముంజేతుల లోపలివైపు, రొమ్ముమీద, పాదాల అంచులమీద చర్మం కాయలు కాచి ఉంటుంది. పై చొక్కా వేసుకుంటే పట్టు దొరకదట. వానాకాలంలో మానుకు పాచి పడుతుంది. ఆ రోజులలో రైతు ఎంత తొందరపెట్టినా ఎండ పొడ తగిలేవరకు ఎక్కకూడదని వారి కట్టుబాటు. కొందరు ఆకలికొద్దీ దానిని తప్పుతారు.

పైకి వెళ్ళిన తరువాత అసలు ప్రమాదం మొదలవుతుంది. మట్టల మధ్య ఎర్రచీమలు ఉంటాయి, కందిరీగల గూళ్ళు ఉంటాయి. ఎలుకలకోసం వచ్చిన పాము ఉండవచ్చు. పచ్చిమట్ట మనిషి బరువు మోస్తుంది, పండుబారినది మోయదు. రెండింటికీ మధ్యస్థంగా ఉన్నదే మనిషిని మోసం చేసేది. అందుకే చేయి వేసే ముందు ప్రతి మట్టనూ ఒకసారి గుంజి చూస్తారు. కొబ్బరి చెట్టు సుమారు నెలకొక ఆకు వేస్తుంది, ఆకు మొదట్లోనే గెల వేస్తుంది. పూత కాయై ముదరడానికి దాదాపు సంవత్సరం పడుతుంది. అంటే తలమీద ఒకేసారి ఇన్ని వయసుల గెలలు ఉంటాయన్నమాట. ఏది కోయాలో, ఏది వదలాలో రంగు చూసి, కత్తి వెనుక భాగంతో తట్టి, క్షణంలో తేల్చుకోవాలి. లేతది కోస్తే రైతు ఊరుకోడు. ముదిరినది వదిలితే మరుసటి దింపులోగా అది ఎవరి నెత్తినో పడుతుంది.

చెట్టుకు వైద్యుడు

మా సండేస్కూలు పిల్లలు అతనిని "చెట్టు డాక్టరు" అంటారు. వేళాకోళంగా మొదలైన పేరే గాని, అందులో అబద్ధం లేదు. సంవత్సరానికి ఆరు నుండి ఎనిమిదిసార్లు చెట్టు తలవద్దకు వెళ్ళే మనిషి అతనొక్కడే. రోగం మొదట అతని కంటనే పడాలి.

కొబ్బరి చెట్టుకు ప్రాణమంతా మొవ్వులోనే ఉంది. మామిడికి ఒక కొమ్మ పోతే మరొకటి వేస్తుంది. కొబ్బరికి పెరిగే చోటు ఒక్కటే. అది కుళ్ళితే మాను ఎంత గట్టిగా ఉన్నా చెట్టు చచ్చినట్టే. కొమ్ము పురుగు తొలిచేది సరిగ్గా అక్కడనే. విచ్చుకోని లేత ఆకును అడ్డంగా తొలుస్తుంది. తరువాత ఆ ఆకు విచ్చుకున్నప్పుడు కత్తెరతో కత్తిరించిన విసనకర్రలాగా కనబడుతుంది. అతను కొస వంచిన ఇనుప చువ్వ ఒకటి తీసుకుపోతాడు. రంధ్రంలో దూర్చి పురుగును గుచ్చి బయటికి లాగుతాడు. ఆ తరువాత ఆకుల మొదళ్ళలో వేపపిండి, ఇసుక కలిపి పోస్తాడు. "పురుగు పుట్టేది పైన కాదండి, మన పెంటకుప్పలోనే. కుప్ప శుభ్రం చేసుకోరు, నన్ను పైకెక్కి పురుగు తియ్యమంటారు" అని ఒకసారి విసుక్కున్నాడు. అది నా ఇంటి పెరటిలో అన్న మాటే.

కొమ్ము పురుగు చేసిన గాయం వాసన పట్టుకొని ఎర్రముక్కు పురుగు వస్తుంది. దాని పిల్ల పురుగులు మాను లోపల తిని డొల్ల చేస్తాయి. పైకి ఎర్రని బంక, నమిలిన పీచు కనబడేసరికి చాలావరకు చేయి దాటిపోయి ఉంటుంది. అందుకే పచ్చిమట్టలను మానువరకు నరకవద్దని ఇతను రైతులతో పోరాడుతుంటాడు. నరకక తప్పకపోతే మాను నుండి నాలుగు అడుగుల మొదలు వదిలి కోయాలి. మానుకు మెట్లుగా గంట్లు కొట్టడం మరీ తప్పు. అన్ని చెట్లకు ఉన్నట్టు కొబ్బరికి బెరడు క్రింద కొత్త కణాలు వేసే పొర లేదు. గాయం పూడదు. నూరేళ్ళ క్రితం ఎవరో కొట్టిన గంటు ఈనాటికీ అలాగే ఉంటుంది.

బంక కారే తెగులు వచ్చిన చెట్టుకు ఇతను చేసే పని చూస్తే నిజంగా శస్త్రచికిత్సే. కుళ్ళిన భాగాన్నంతటినీ ఉలితో మంచి కండ కనబడేవరకు చెక్కుతాడు. చెక్కిన ముక్కలను అక్కడ వదలక పోగుచేసి కాలుస్తాడు. గాయానికి బోర్డో పేస్టు పూస్తాడు. ఇంత చేసినందుకు విడిగా కూలి ఇచ్చే రైతులు తక్కువ. దింపు కూలిలోనే అది కూడా కలిసిపోతుంది.

2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో మొదట కనబడిన సర్పిలాకార తెల్లదోమ మన గోదావరి జిల్లాలకు కూడా వచ్చింది. ఆకు అడుగున తెల్లని చుట్టలు, ఆకు మీద మసి. నల్లగా మారిన తోటలు చూసి రైతులు భయపడి విషపు మందులు కొట్టబోయారు. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధనా స్థానం వారు మాత్రం మందులు అతిగా కొడితే దోమను తినే మేలు పురుగులు కూడా పోతాయని హెచ్చరించారు. ఆ సంగతి రైతులకు చేరవేసినది ఎక్కువగా దింపు కార్మికులే. ఏ తోటలో మసి తగ్గుతున్నదో, ఏ తోటలో పెరుగుతున్నదో వారికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆమోసు ప్రవక్త తన వృత్తి చెప్పుకునేటప్పుడు పశువుల కాపరిననీ, మేడిపండ్ల పని చేసేవాడిననీ అంటాడు. మన తెలుగు బైబిలులో ఏరుకొనేవాడని ఉంది. అది చదివితే నేల రాలిన పండ్లు ఏరినట్టు తోస్తుంది. కాని ఆ దేశపు మేడిపండు పక్వానికి రావాలంటే చెట్టుమీదనే ఒక్కొక్క కాయకు గాటు పెట్టాలి. ఆ హెబ్రీ మాటకు ఆ పనే అర్థమని పండితులు చాలామంది చెబుతారు. అంటే ఆమోసు చెట్టెక్కినవాడే, కత్తి పట్టినవాడే! జక్కయ్య ఒక్కసారి మేడిచెట్టు ఎక్కితే మనం ఇన్ని ప్రసంగాలు చేసుకున్నాము. రోజూ ఎక్కిన ఆమోసు చేతులను గూర్చి నేనైతే ఒక్క ప్రసంగం వినలేదు.

తండ్రి పడిన చెట్టు

ఆ సహోదరుడు ఈ పనిలోకి ఇష్టపడి రాలేదు. 1992లో అతనికి పద్నాలుగేళ్ళప్పుడు అతని తండ్రి చెట్టుమీదనుండి పడ్డాడు. ప్రాణం ఉంది. చుట్టూ ఉన్నవారు ప్రేమకొద్దీ పరుగెత్తుకొచ్చి లేపి కూర్చోబెట్టారు. నీళ్ళు పట్టారు. ఇద్దరు చంకలక్రింద చేతులు వేసి, ఒకడు కాళ్ళు పట్టుకొని, ఎద్దుల బండిదాకా మోశారు. దారిలోనే నడుము క్రింద చచ్చుబడిపోయింది. పడినప్పుడు విరిగిన ఎముక నరాన్ని కోసిందా, మోసినప్పుడు కోసిందా, దేవునికే ఎరుక. మంచంలో రెండేళ్ళు ఉండి, పడక పుండ్లతో 1994లో ప్రభువునందు నిద్రించాడు. తోట యజమాని భూస్థాపనకు వచ్చి వెళ్ళాడు. అంతకుమించి ఏమీ లేదు.

పద్నాలుగేళ్ళవాడు బడి మాని తండ్రి కత్తి తీసుకున్నాడు. అప్పుడు నేను అదే బడిలో పనిచేస్తున్నాను. హాజరు పట్టీలో అతని పేరు కొట్టివేసినది నా చేతితోనే. ఎందుకు రావడం లేదని అడగడానికి వెళ్ళలేదు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను సంగతి మా ప్రాంతంవారికి చెప్పనక్కరలేదు. వెయ్యిమందికి పైగా చనిపోయారు. తెల్లవారి చూస్తే తోటలు లేవు. నిలబడిన చెట్లకు తలలు లేవు. అప్పటికి ఇతనికి పద్దెనిమిదేళ్ళు. కాయలు దింపే పని పోయింది గాని, ఇళ్ళమీద పడిన చెట్లను తీసే పని వచ్చింది. అది దింపుకన్న ప్రమాదం. వంగి పడిన మాను విల్లులాగా బిగుసుకొని ఉంటుంది. తప్పుచోట కోస్తే ఎగిరి తంతుంది. వేళ్ళతో పెకలిన చెట్టును పైభాగాన కోస్తే, బరువు తగ్గి మొదలు ఒక్కసారిగా లేచి తిరిగి గోతిలో కూర్చుంటుంది. ఆ గోతిలో పిల్లవాడెవడైనా ఆడుకుంటుంటే! "ముందు గోతిలోకి చూసి, మనిషిని కాపలా పెట్టి, అప్పుడు కొయ్యాలండి" అంటాడు. ఈ చదువు అతనికి ఎవరూ చెప్పలేదు. కొత్తగా నాటిన పొడవు రకం చెట్టు కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళన్నీ దింపు కార్మికుల ఇళ్ళలో పొయ్యి ఎలా వెలిగిందో వ్రాసినవారు లేరు.

2019 జూలైలో ఆ సహోదరుడు కూడా పడ్డాడు. చేయి వేసిన మట్ట ఊడి వచ్చింది. గుంజి చూశాడట, గట్టిగానే ఉందట.

అతని భార్య ఆ తోటలోనే కాయలు పోగు చేస్తున్నది. ఆమెకు ఒక అలవాటు ఉంది. భర్త చెట్టుమీద ఉన్నంతసేపూ పైకి చూడదు. వీపు తిప్పి పని చేసుకుంటుంది. కాయలు దబదబా పడుతున్న చప్పుడు వింటూ ఉంటుంది. ఆ చప్పుడు ఉన్నంతసేపూ మనిషి క్షేమమే. ఆనాడు ఒక చప్పుడు వేరుగా వచ్చిందని ఆమె చెప్పింది. అంతకుమించి నేను అడగలేదు.

తోట మా మందిరానికి దగ్గర. కేక విని నలుగురైదుగురం పరుగెత్తాము. ఒకరు అప్పుడే చంకలో చేయి వేశారు. మా సంఘంలో నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక సహోదరి ఉన్నారు. ఆమె దూరంనుండే "ముట్టుకోకండి! లేపారంటే చంపినవారవుతారు!" అని గద్దించారు. అంత గట్టిగా ఆమె మాట్లాడడం నేనెన్నడూ వినలేదు. మోకాళ్ళమీద కూర్చుని అతని తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నారు. "కాలి వ్రేళ్ళు కదుపు నాయనా" అన్నారు. కదిలాయి. నీళ్ళు అడిగాడు. ఇవ్వనివ్వలేదు. మందిరంలో నుండి పొడవు బల్ల ఒకటి తెమ్మన్నారు. ఆరాధనలో మేము కూర్చునే బల్లే. ఐదుగురం ఒకవైపు చేరి, ఆమె లెక్క పెడుతుండగా, తల, వీపు, నడుము, కాళ్ళు ఒకే దుంగలాగా ఒక్కసారే ప్రక్కకు దొర్లించి, బల్లను క్రిందికి జరిపి, మళ్ళీ వెల్లకిల పరుండబెట్టాము. తువ్వాళ్ళతో నుదురు, రొమ్ము, తొడలు బల్లకు కట్టాము. 108 బండి వచ్చేవరకు ఆమె అతని తల వదలలేదు. ఆసుపత్రిలో వైద్యుడు నడుము ఎముక విరిగిందని, నరం తెగలేదని చెప్పి, "ఎవరు మోశారు ఇతన్ని?" అని అడిగాడు.

పక్షవాయువుగల వానిని నలుగురు మంచంతో మోసుకొచ్చిన సంగతి మార్కు సువార్తలో ఎన్నిసార్లో చదివాము. మోయడానికి కూడా నేర్పు కావాలని నాకు ఆనాడు తెలిసింది. చెట్టుమీదనుండి, మేడమీదనుండి పడినవారిని చూస్తే దయచేసి లేపి కూర్చోబెట్టకండి. నీళ్ళు పట్టకండి. మెడ, వీపు వంగకుండా బల్లమీదకు చేర్చండి. బల్ల, చాలినంతమంది మనుషులు లేకపోతే కదపకుండా 108కి కబురు చేసి కనిపెట్టుకొని ఉండండి.

నరం తెగినవారికి కూడా జీవితం ముగిసిపోదు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టర్ మేరీ వర్గీస్ గారిని గూర్చి మన పాతతరం పాఠకులకు తెలుసు. 1954లో వాహన ప్రమాదంలో ఆమె నడుము క్రింద చచ్చుబడిపోయింది. అప్పటికి ఆమె యౌవనంలో ఉన్న వైద్యురాలు. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. తరువాత పునరావాస వైద్యం నేర్చుకొని వచ్చి ఆ శాఖను నడిపారు. 1966లో అక్కడ ప్రారంభమైన పునరావాస కేంద్రం మన దేశంలో అటువంటి తొలి కేంద్రాలలో ఒకటి. వెన్ను విరిగినవారికి పడక పుండ్లు రాకుండా చూసుకోవడం, కుర్చీలో తిరగడం, మరల ఏదో ఒక పని చేసుకోవడం నేర్పుతారు. చెట్లమీదనుండి పడినవారు ఇటువంటి కేంద్రాలకు ఎందరో వస్తారు. ఆ సహోదరుని తండ్రి మంచంపట్టిన ఆ రెండేళ్ళు వేలూరు ఉన్నది, రైలు ఉన్నది, మా సంఘమూ ఉన్నది. ఎవరికీ తోచలేదు.

ఇతను ఐదు నెలలు మంచంమీద ఉన్నాడు. సంఘంవారు వంతులవారీగా బియ్యం, మందులు చూశారు. ఆ మాట చెప్పుకోవడానికి సంతోషమే. కాని పరామర్శకు వచ్చిన ఒకాయన, "విశ్వాసంలో ఎక్కడో లోపం ఉండి ఉంటుంది, లేకపోతే ఇలా జరగదు" అని మంచం ప్రక్కనే అన్నాడు. నేనక్కడే ఉన్నాను. నా రక్తం మరిగింది గాని, పెద్దమనిషి కదా అని నోరు మూసుకున్నాను. అది నా పిరికితనం. ఆ సహోదరుడు కోపపడలేదు. "ఆ రోజు కూడా కీర్తన చెప్పుకునే ఎక్కానండి" అన్నాడు. ఆ గదిలో ఇక ఎవరూ మాట్లాడలేదు.

కొడుకు

అతను నడుస్తున్నాడు. బరువెత్తకూడదు, చెట్టెక్కకూడదు. తండ్రి పడేనాటికి, వేలం పాటలో నా ప్రక్కన కూర్చున్న ఆ పిల్లవానికి కూడా పద్నాలుగేళ్ళే. ఈసారి నేను హాజరు పట్టీ మరచిపోలేదు. బడి మానకుండా చూశాము. ఇంటర్ అయింది. అయిన తరువాత వాడు, "నేను దింపుకు వెళతాను" అన్నాడు. తల్లి రెండు రోజులు అన్నం ముట్టలేదు.

వాడి మాటలోనూ న్యాయం ఉంది. ఇప్పుడు దింపేవారు దొరకడం లేదు. రైతులు బ్రతిమాలుకుంటున్నారు. కూలి మునుపటికంటె మెరుగు. అయితే వాడు తాతలాగా, తండ్రిలాగా ఎక్కనన్నాడు. కొబ్బరి అభివృద్ధి బోర్డువారు 2011 నుండి చెట్టెక్కే యువకులకు శిక్షణ ఇస్తున్నారు. ఆరు రోజుల శిక్షణ, ఎక్కే యంత్రం, చెట్టు వైద్యంలో మొదటి పాఠాలు. కేరళలో స్త్రీలు కూడా నేర్చుకొని ఎక్కుతున్నారు. యంత్రం అంటే పెద్దదేమీ కాదు. రెండు ఇనుప చట్రాలు, మానుచుట్టూ ఇనుప తాడు. ఒక కాలి చట్రం మీద బరువు వేస్తే తాడు మానును బిగించి పట్టుకుంటుంది. రెండవది అప్పుడు వదులై పైకి జరుగుతుంది. మెట్లెక్కినట్టు ఎక్కాలి. దానితోపాటు నడుముకు బెల్టు కట్టి మానుకు తాడు వేసుకోవాలి. దింపు కార్మికులకు ఆ బోర్డు ద్వారా ప్రమాద బీమా కూడా ఉంది. ప్రీమియంలో ఎక్కువ భాగం బోర్డే భరిస్తుంది. ఈ సంగతి మా ఊరిలో చాలామందికి తెలియదు. ఏలూరు జిల్లా వేగివాడలో బోర్డువారి క్షేత్రం ఉంది, అక్కడ అడగవచ్చు. మీ సంఘంలో చెట్లెక్కే సహోదరులు ఉంటే కాగితాలు నింపడంలో దయచేసి సహాయం చేయండి. ఆ పని మాకు 2019 తరువాత తోచింది.

యంత్రంతో నిదానం. తండ్రి నలభై చెట్లు ఎక్కినచోట కొడుకు తక్కువ ఎక్కుతాడు. మొదట రైతులు గొణిగారు. "బెల్టు విప్పి ఎక్కరా, తొందరగా అవుద్ది" అని ఒకాయన అంటే వాడు కత్తి క్రింద పెట్టి ఇంటికి వచ్చేశాడు. తల్లి ఆ రోజు మొదటిసారి వాడిమీద ధైర్యం తెచ్చుకుంది.

గత సంవత్సరం మా మందిరం ఆవరణలోని నిద్రగన్నేరు చెట్టు విషయం సంఘ కమిటీలో చర్చకు వచ్చింది. ఒక పెద్ద కొమ్మ సండేస్కూలు పాక మీదికి వంగింది. చెట్టంతా కొట్టివేస్తే పీడ పోతుంది, కలప కూడా అమ్ముకోవచ్చు అన్నారు ఎక్కువమంది. ఆ సహోదరుని పిలిచి అడిగాము. చుట్టూ తిరిగాడు. మొదలు తట్టి చూశాడు. పైకి చాలాసేపు చూశాడు. "మాను గట్టిగానే ఉందండి. ఆ ఒక్క కొమ్మే తీద్దాం. ఒకేడాది చూడండి" అన్నాడు. లూకా సువార్తలో అంజూరపు చెట్టుకోసం ఇంకొక్క సంవత్సరం గడువడిగిన తోటమాలి నాకు జ్ఞాపకం వచ్చాడు. కాపరిగారికి కూడా వచ్చి ఉంటుంది, వెంటనే సరే అన్నారు.

తండ్రి నేలమీద కుర్చీలో కూర్చున్నాడు. కొడుకు బెల్టు, తలకు గట్టి టోపీ వేసుకొని ఎక్కాడు. కొమ్మకు తాడు కట్టి, దానిని పై పంగలో నుండి తెచ్చి, క్రింద మానుకు రెండు చుట్లు వేసి మాకు ఇచ్చారు. మొదట కొమ్మ అడుగువైపు కొంతమేర కోత. తరువాత దానికి కొంచెం అవతల పైనుండి కోత. అలా అయితే కొమ్మ విరిగేటప్పుడు మాను బెరడు చీల్చుకొని పోదు. మేము తాడు కొద్దికొద్దిగా వదులుతూ కొమ్మను పాకకు తగలకుండా దించాము. చివరగా మిగిలిన మొండి. దానిని మానుకు సమంగా నున్నగా కోయబోతే తండ్రి ఆపాడు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా చుట్టు ఉంటుంది, దానికి బయటనే కోయాలి. అమెరికాలో అలెక్స్ షైగో అనే అటవీ శాస్త్రజ్ఞుడు వేలాది చెట్లను నిలువునా కోసి పరిశీలించి చెప్పినది కూడా ఇదే. చెట్టు గాయాన్ని మాన్చుకోదు, గాయం చుట్టూ గోడ కట్టుకొని పెరుగుతుంది, ఆ గోడ కట్టే శక్తి ఆ చుట్టులోనే ఉంది. కోసినచోట తారు పూయాలని కమిటీలో ఒకరు డబ్బా తెచ్చారు. తారు కుళ్ళును ఆపదని కూడా షైగో తేల్చాడు. డబ్బా తిరిగి పంపించాము. తండ్రికి ఈ పేరు తెలియదు. తెలుసుకోవలసిన పనీ లేదు.

ఆ వేళంతా తల్లి వంటపాక గోడవైపు తిరిగి మా అందరికీ టీ కాస్తూనే ఉంది. రంపం చప్పుడు ఆగింది. తాడు మానుమీద జారిన చప్పుడు వచ్చింది. తరువాత కాసేపు ఏ చప్పుడూ లేదు.

"దిగాడా అండీ?" అని అడిగింది, వెనక్కి తిరగకుండానే.

"దిగాడమ్మా. బెల్టు విప్పుకుంటున్నాడు" అన్నాను.

అప్పుడు గ్లాసుల్లో టీ పోసింది.